పధ్నాలుగున్నర వేల కవరా, పద్దెనిమిది వందల బరకమా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలోని ఒక పల్లె నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఊరి పేరు బయటపెట్టొద్దన్నారు. వయసు 34. ఎండుచేపల వ్యాపారం. భర్త ఏటా ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి బోట్ల మీద కలాసీగా పనిచేసి, మే నెలాఖరుకు ఇల్లు చేరతారు. ఇంటికి 28 అడుగుల ఫైబర్ బోటు ఒకటి ఉంది, మరిదితో చెరిసగం. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. ఈ రెండు నిషేధాల సందులో ఆయన సొంత బోటు మీద వేటకు వెళ్లేది జూన్ 15 మొదలు ఓ నెలన్నర. తక్కిన పదిన్నర నెలలూ బోటు ఒడ్డున ఇసుక మీదే ఉంటుంది. దాని బాగోగులు ఈవిడ నెత్తిన.

నిరుడు ఆగస్టులో 1,800 రూపాయలు పెట్టి నీలం బరకం (టార్పాలిన్) కొని, అంచులు బిగించి కప్పించారట. సంక్రాంతి నాటికి అది పేలికలై గాలికి కొట్టుకుంది. వలలు బోటులోనే వదిలి పైన బరకం కప్పడంతో ఎలుకలు గూడు పెట్టి రెండు వలలు కొరికేశాయి. మే నెలలో భర్త వచ్చి చూస్తే వెనక ఇంజన్ బిగించే చోట చెక్క మెత్తబడి ఉంది. “పది నెలలు ఇంట్లో ఉండి ఇది కూడా చూసుకోలేకపోయావా” అన్నారట. ఆ మాట ఉత్తరంలో మూడు చోట్ల ఉంది.

ఈ నెలాఖరుకు ఆయన మళ్లీ రైలెక్కుతారు. ఈసారి ఏం కప్పాలన్నదాని మీద ఇంట్లో తలో మాట. లారీ మీద కప్పే దళసరి బరకం పాతది ఒకటి 6,000కు వస్తుంది, అదే కొను అంటారు భర్త. మామగారి రోజుల్లో బరకాలున్నాయా, కొబ్బరి కమ్మలు కప్పితే చాలదా అంటుంది అత్త. మరిది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పాత ఫ్లెక్సీలు ఊరికే తెస్తాను, అసలు ఈ బోటుకు ఖర్చెందుకు, అమ్మేద్దాం అంటాడు. టౌనులో కొలతలు తీసి కుట్టే ఆయన 14,500 అడిగాడు. బరకాల కొట్టతను 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) దళసరిది 18×12 అడుగుల ముక్క 1,500 అన్నాడు. ఈవిడ దగ్గర డ్వాక్రా అప్పులోంచి పక్కన పెట్టిన 5,000 ఉన్నాయి, ఆ సంగతి అత్తకు తెలియదు. పైగా ఆడది పడవ మీద కాలు పెట్టకూడదని అత్తగారి పట్టింపు. తుపాను పేరెత్తితే ఒళ్లు వణుకుతుందని, తిత్లీ రాత్రి ఇంకా కళ్లముందే ఉందని రాశారు. “ఏది కొంటే నేను మాట పడకుండా ఉంటాను?” అన్నది చివరి ప్రశ్న.

అమ్మా,

మాట పడకుండా కాపాడే బరకం ఏ బజార్లోనూ దొరకదు. కానీ నిరుడు మీరు పడ్డ మాటల్లో మీవి ఎన్నో, మీవి కానివి ఎన్నో తేల్చగలను. ఇంట్లో మూడు నష్టాలను కలిపి ఒకే మూటగా మీ నెత్తిన పెట్టారు. ముందు ఆ మూట విప్పుదాం.

బరకం చిరగడం మొదటిది. దాన్ని చంపింది వాన కాదు, ఎండ. ఆ నీలం బరకాలను ప్లాస్టిక్ దారంతో నేసి, రెండు వైపులా పల్చటి పొర పూస్తారు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఆ ప్లాస్టిక్‌ను లోలోపలే తెగ్గొడుతూ పోతాయి. తట్టుకోవడానికి తయారీలోనే ఒక మందు కలపాలి, చవక రకాల్లో అది అంతంతమాత్రం. పైకి నీలంగానే కనిపిస్తుంది. గోటితో గీరితే పొడి రాలుతుంది, మూల పట్టి లాగితే రిబ్బన్లలా ఊడొస్తుంది. సముద్రపు ఒడ్డున నీడ లేకుండా అయిదు నెలలు పడున్న పల్చటి సరుకు పేలికలు కాక ఏమవుతుంది? మీరు రోజూ వెళ్లి దానికి హారతి పట్టినా అదే జరిగేది.

ఎలుకల సంగతి రెండోది. చీకటి, వెచ్చదనం, చేప వాసన, మెత్తటి నైలాన్. ఎలుకకు అంతకన్నా అత్తారిల్లు ఏముంటుంది! వలలు బోటులో ఉండకూడదు. ఎండకూ నైలాన్ బలం తగ్గుతుంది కాబట్టి బయటా ఉండకూడదు. ఉప్పు పోయేలా మంచినీళ్లలో జాడించి, నీడన ఆరబెట్టి, ఇంట్లో దూలానికి వేలాడదీయాలి. అయితే వలలు బోటులోనే ఉంచమన్నది మీ ఆయనే అని నాలుగో పేజీలో మీరే రాశారు. ఆ మాట ఆయనకు గుర్తు చేశారా?

చెక్క మెత్తబడటం మూడోది, అన్నిటికన్నా పెద్దది. అది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఫైబర్ బోట్ల మరమ్మతు చేసినవాణ్ని. ఇంజన్ బిగించే పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, పైన ఫైబర్ పొర. బోల్టులు దిగిన బెజ్జాల చుట్టూ ఏళ్ల తరబడి నీళ్లు లోపలికి ఊరతాయి. పైకి ఏమీ తెలియదు. చిన్న స్పానరు తీసుకుని ఆ పలక పొడుగునా టక్ టక్ అని కొడుతూ రండి. గట్టి చోట టంగుమంటుంది, కుళ్లిన చోట బొద్దుగా, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఎక్కడ నుంచి ఎక్కడిదాకా బొద్దు శబ్దం వస్తుందో సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత బెత్తెడు మేర ఉంటే కొత్త బరకం కన్నా ముందు ఆ మరమ్మతే చేయించాలి. జానెడు దాటితే మీ ఆయన ఊళ్లో ఉండగానే ఫైబర్ మేస్త్రీని పిలిచి చూపించాలి. తడి చెక్క మీద ఎంత ఖరీదైన కవరు కప్పినా లోపల కుళ్లు ఆగదు.

ఇంకా చెప్పాలంటే ముదురుతుంది. ఇది నా తల బొప్పి కట్టి నేర్చుకున్నది. ఒక ఏడాది నిషేధం రోజుల్లో నా సొంత చిన్న బోటును మంచి కొత్త బరకంతో చీమ దూరకుండా బిగించాను. ఆ రెండు నెలల్లో వాన చుక్క పడలేదు. జూన్‌లో తాళ్లు కోసి బరకం ఎత్తితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది. కూర్చునే చెక్క మీద తెల్లటి బూజు, కింద నల్లటి మరకలు. ఆ తడంతా ఇసుకలోంచి, రాత్రి మంచులోంచి, అడుగున నేను తుడవకుండా వదిలేసిన చెంబెడు నీళ్లలోంచి వచ్చిందే. పగలు ఆవిరై పైకి లేచి, బరకానికి తగిలి, రాత్రి చుక్కలై మళ్లీ చెక్క మీదే పడింది. అరవై రోజులూ అదే తంతు. మీరు ఎండుచేపలు అమ్మే మనిషి. సగం ఆరిన చేపను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఎండలో పెడితే ఏమవుతుందో నేను మీకు చెప్పాలా? మీ బోటులో అప్పటికే ఉన్న కుళ్లు నిరుడు ముదిరింది అలాగే.

కాబట్టి బోటుకు కావలసింది దుప్పటి కాదు, పందిరి. ఈ ఒక్క మాట పట్టుకుని మీ ఇంటివాళ్ల సలహాలన్నీ మళ్లీ చూద్దాం.

టౌనులో కుట్టే కవరు చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒంటికి కుట్టిన జాకెట్టులా బోటును అంటిపెట్టుకుని ఉంటుంది, పైన బల్లపరుపుగా ఉంటుంది. బల్లపరుపు గుడ్డ మీద వాన నీరు గుంట కడుతుంది. నాలుగడుగుల చదరపు గుంటలో మూడంగుళాల నీళ్లు నిలిస్తే బరువు వంద కేజీల పైమాటే. ఆ బరువుకు గుడ్డ సాగుతుంది, సాగితే గుంట పెరుగుతుంది, కుట్లు విడతాయి. నిలిచిన ఆ నీళ్లలో వారం పది రోజులకు దోమలు లేస్తాయి, శుక్రవారం డ్రైడే అంటూ, నిలవ నీళ్లు పారబోయమని ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త చేత కూడా మీరే మాట పడాలి. కింద వాలుగా చట్రం కట్టకపోతే 14,500 కవరైనా అంతే. చట్రం కట్టాక ఇక 14,500 కవరు అక్కర్లేదు. నెలన్నర వేటాడే బోటుకు అంత డబ్బు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

లారీ బరకం మీద మీ ఆయన మాటలో నిజం ఉంది. పీవీసీ పూత వేసిన ఆ గుడ్డ ఎండకు బాగా నిలుస్తుంది. కానీ ఒక లెక్క చూడండి. మీ బోటుకు 36 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గుడ్డ కావాలి. అంటే దాదాపు 40 చదరపు మీటర్లు. లారీ బరకం చదరపు మీటరుకు 600 గ్రాముల రకమైతే మొత్తం 24 కేజీలు. అదీ పొడిగా ఉన్నప్పుడు. తడిసి, ఇసుక పట్టి, ఎదురుగాలిలో దాన్ని లాగాల్సింది వెరావల్‌లో ఉన్న ఆయన కాదు, మీరు. బరకం ఎంపికలో అందరూ చూసేది ధర, మందం, రంగు. నేను ముందు అడిగేది అది ఎవరి చేతి కింద ఉంటుందని. కట్టేదీ విప్పేదీ మీరొక్కరే అయినప్పుడు మీ ఒక్కరి చేతికి లొంగనిది ఎంత గట్టిదైనా మీకు పనికిరాదు. తోడుగా రోజూ పిలిస్తే పలికే ఇద్దరు మగవాళ్లు ఇరుగుపొరుగున ఉంటే మాట వేరు, అప్పుడు ఆ 6,000 బరకం మంచి బేరమే. కొనేముందు పూర్తిగా పరిచి, ఎండకు అడ్డంగా పట్టి చూడండి. సూదిబెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే, మడతల దగ్గర పూత పగిలి ఉంటే వదిలేయండి.

ఫ్లెక్సీల గురించి ఎక్కువ చెప్పను. ఊరికే వస్తాయి, నీళ్లు ఆపుతాయి. కొన్ని నెలల ఎండకే పెళుసెక్కుతాయి, వేడికి రంగు బోటుకు అంటుకుంటుంది. వచ్చే జూన్‌లో మీ ఆయన బోటు మీద ఏ నాయకుడి నవ్వు మొహమో అచ్చయి కనిపిస్తే ఇంట్లో ఇంకో గొడవ. కర్రల చివర్లు బరకాన్ని పొడవకుండా చుట్టడానికి వాడుకోండి, మరిది మాట తీసేయకుండా ఉన్నట్టు ఉంటుంది.

ఏమీ కప్పకుండా వదిలేయడం కూడా ఒక దారే. ఎవరూ చెప్పరు గానీ చాలామంది చేసేది అదే. ఇంజను, వలలు ఇంటికి చేర్చి, బోటు ముక్కు వైపు ఎత్తుగా పెట్టి, వెనక అడుగున బిరడా తీసేస్తే వాన నీరు దానంతటదే పోతుంది. రూపాయి ఖర్చు లేదు. అయితే ఎండకు పై పూత వెలిసి సున్నంలా చేతికి అంటుతుంది, సన్నటి పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలోంచి నీరు, బోటు తేలడానికి లోపల నింపిన థర్మోకోల్ దాకా పోతే బోటు బరువెక్కుతుంది. ఒక్క ఏడాదికి కొంపేమీ మునగదు. మీ బోటుకు ఇప్పటికే పలక మెత్తబడింది కాబట్టి నేనైతే ఈ ఏడాది ఆ దారి పట్టను. ఎవరికైనా అమ్మేద్దామని గట్టిగా అనుకుంటే మాత్రం పూత వెలిసిన బోటుకు బేరగాడు ముందే ధర కోస్తాడని గుర్తుంచుకోండి.

ఇక మీ అత్తగారు. ఆవిడ మాట సగం సంవత్సరానికి సరైనది. ఇది మీరు ఆవిడతో చెప్పండి, సంతోషిస్తుంది. మీ బోటు ఒడ్డున ఉండే పదిన్నర నెలలను రెండుగా కోయండి. ఆగస్టు నుంచి డిసెంబరు మొదటి దాకా వానలు, తుపాన్లు. ఆ తరవాత మే దాకా ఎండ. నిరుడు మీరు చేసిన పొరపాటు అంటూ ఉంటే ఇదే: వానకు కొన్న బరకాన్ని ఎండకు వదిలేశారు. డిసెంబరులో వానలు వెనకబట్టాక బరకం దించి, మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, మడిచి అటక మీద పెట్టండి. అదే చట్రం మీద అల్లిన కొబ్బరి కమ్మలు వేయండి. ఉద్దానంలో కమ్మలకు కరవా? కమ్మల కింద గాలి ఆడుతుంది, చల్లగా ఉంటుంది. వేసవిలో ఎప్పుడో ఒక ఉరుముల వాన పడి నాలుగు చుక్కలు కారినా బిరడా తీసి ఉంటుంది కాబట్టి పోతాయి. దానికి రెండు జాగ్రత్తలు. ఎండిన కమ్మ నిప్పురవ్వకు భగ్గుమంటుంది, పొయ్యిలకూ బీడీలు కాల్చే అరుగులకూ దూరంగా ఉంచాలి. బోటును కొబ్బరి చెట్టు కిందికి మాత్రం లాగొద్దు. నీడ ఊరికే వస్తుంది, కాయ కూడా ఊరికే వస్తుంది, నెత్తి మీదికి.

వానాకాలానికి కొట్టతను చెప్పిన 200 జీఎస్‌ఎం దళసరి బరకమే తీసుకోమంటాను. ఒకటే పెద్దది కాదు, 18×12 ముక్కలు రెండు. ఒక ముక్క చిరిగితే సగం డబ్బే పోతుంది, పైగా ఒక్కొక్కటి మీరు సునాయాసంగా మోయగలరు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క. 18×12 ముక్క 20 చదరపు మీటర్లు. 200 జీఎస్‌ఎం నిజమైతే కాటా మీద 4 కేజీలు తూగాలి. రెండున్నర కేజీలు చూపిస్తే అది 120 రకం, దాని మీద ఏం రాసి ఉన్నా సరే. కొట్టతన్ని తూచమనండి, మొహమాటపడొద్దు. చేపలు తూచి అమ్మే మనిషికి కాటా అడగడానికి సిగ్గేమిటి? నేసిన రకమైతే ఐఎస్ 7903 ముద్ర ఉందేమో చూడండి. రంగు మాత్రమే చూసి మోసపోవద్దు గానీ, రెండూ ఒకే ధరకు వస్తే నీలం కన్నా నలుపు పొర ఉన్నది మేలు. నలుపు కోసం కలిపే మసి ఎండను అడ్డుకుంటుంది.

చట్రం మీ ఆయనా మరిదీ కలిసి ఒక పూటలో కట్టగలరు. సరుగుడు కర్రలు కత్తెరలా మూడు జతలు బోటులో నిలబెట్టి, వాటి మీదుగా ముక్కు నుంచి వెనకదాకా వాసం ఒకటి కట్టాలి. బోటు అంచుకన్నా వాసం రెండున్నర అడుగులు ఎత్తుండాలి, అప్పుడే నీరు జారుతుంది. బోటుకు మేకులు కొట్టొద్దు. కర్ర కాళ్లకు పాత ట్యూబు చుట్టాలి. అంచుకూ బరకానికీ మధ్య బెత్తెడు సందు, ముందూ వెనకా గుడిసె వాకిలిలా ఖాళీ. ముక్కు వైపు ముక్క పైన, వెనక ముక్క కింద వచ్చేలా మూడడుగులు ఒకదాని మీద ఒకటి వేస్తే పెంకుల మీద జారినట్టు నీరు వెనక్కి పోతుంది.

బరకం అంచున ఉండే కళ్లకు, అంటే రింగులకు, తాళ్లు కట్టి బిగించడం దగ్గరే చాలా బరకాలు చిరుగుతాయి. గాలి కొట్టిన ప్రతిసారీ బలమంతా ఆ చిన్న రింగు మీదే పడుతుంది. మీ ఇంట్లో ఎలుకలు కొరికిన వలలు రెండున్నాయి కదా, వాటికి పని దొరికింది. బరకం పైన పాత వల పరిచి, వల అంచులకు ఇసుక మూటలు కట్టండి. తుపాను ముందు గడ్డి ఇళ్ల మీద మన వాళ్లు చేసేది ఇదే. గాలి బలం వల కన్నులన్నిటి మీదా పంచుకుపోతుంది. మూలలకు మాత్రం సైకిల్ ట్యూబు ముక్కలు వేసి కట్టండి, సాగుతాయి, తెంపవు. రాళ్లు వేలాడదీయొద్దు, గాలికి ఊగి బోటునే కొడతాయి.

దీనికంతా మీరు బోటు ఎక్కనక్కర్లేదు. బరకం ఒక అంచుకు రెండు పొడుగు తాళ్లు కట్టి, తాడు కొసకు పాత చెప్పు కట్టి, వాసం మీదుగా అవతలికి విసిరి, చుట్టూ తిరిగి వెళ్లి అటునుంచి లాగడమే. వల కూడా అంతే. ఆడది పడవ మీద కాలు పెట్టకూడదన్న పట్టింపు సంగతి అంటారా, ఏడాదిలో పదిన్నర నెలలు బోటును కాచేది ఆడదే అయినప్పుడు ఆ పట్టింపు నాకు మింగుడు పడదు. కానీ ఆ ఇంట్లో ఉండాల్సింది మీరు. ఆ గొడవ ఎప్పుడు పడాలో, అసలు పడాలో వద్దో మీరే చూసుకోండి. బరకం కోసం మాత్రం పడనక్కర్లేదు.

తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 150 కిలోమీటర్ల గాలిలో చదరపు మీటరు గుడ్డ మీద పడే తోపుడు దాదాపు వంద కేజీల బరువుతో సమానం. అలాంటి గాలికి బరకం తెరచాప అవుతుంది, బోటును లాక్కుపోతుంది. అందుకని తుపానుకు బరకం గట్టిగా కట్టడం కాదు, తీసేయడమే. కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలిసిన రోజునే ఇసుక మూటలు విప్పి, ఒక పక్కనుంచి లాగి ఇంట్లో పడేయండి. లాగితే ఊడే ముడులే వేయించండి. కర్రలు దించడం, బోటును ఇంకా పైకి లాగి కట్టడం మరిది పని, సగం బోటు ఆయనదే. వాన బోటులో పడుతుందే అని బెంగ వద్దు. బిరడా బెజ్జంలో ఆకులూ ఇసుకా అడ్డం పడకుండా పుల్లతో పొడిచి చూసుకుంటే చాలు. ఆ రోజనే కాదు, వానాకాలమంతా రెండు మూడు రోజులకోసారి మీరు చేయాల్సిన అసలు కాపలా ఆ పుల్ల పనే.

డబ్బు లెక్క: బరకాలకు 3,000. సరుగుడు కర్రలు, తాడు కలిపి మీ ఊళ్లో వెయ్యి దాటకూడదు. ఇసుక, ట్యూబు, వల ఇంట్లోవే. అందులో సగం, 2,000, మరిది వాటా. ఆయన ఇవ్వడానికి ఇష్టపడకపోవచ్చు, ఎందుకంటే ఆయన మనసులో ఉన్నది అమ్మకం. అది తప్పు ఆలోచనేమీ కాదు. నెలన్నర వేటకు ఏడాది పొడుగునా మోసే బోటు లాభమా నష్టమా అన్నది లెక్క వేయాల్సిన విషయమే. ఇంకో దారీ ఉంది: ఆగస్టు నుంచి ఊళ్లోనే ఉండి వేటాడే మనిషికి బోటు వాటాకు ఇవ్వడం. తిరిగే బోటుకు బరకం గొడవ ఉండదు, చేతికి కొంత వస్తుంది. కానీ ఇంజను అరుగుతుంది, వల చిరిగితే ఎవరు పెట్టుకోవాలో ముందే తేల్చుకోకపోతే స్నేహం చెడుతుంది. ఈ మూడింట్లో ఏది అన్నది అన్నదమ్ములిద్దరూ మీ ఎదుట కూర్చుని, ఆయన రైలెక్కకముందే మాట్లాడుకోవాలి. వాళ్లు తేల్చని విషయాన్ని మీరు బరకం కింద దాచి పది నెలలు కాపలా కాస్తున్నారు, నాకు కనిపించింది అది. అమ్మకమే అనుకుంటే పలక మరమ్మతు చేయించి ఈ నెలలోనే బేరం పెట్టండి, బరకాలు కొనొద్దు.

డ్వాక్రా డబ్బు సంగతి అత్తగారికి చెప్పాలా వద్దా అన్నారు. బోటు మీద కొత్త బరకాలు కనిపించాక ఆవిడ ఎలాగూ అడుగుతుంది. కమ్మల మాట ఆవిడదే అని ఒప్పుకుని, ఆ వరసలోనే ఇదీ చెప్పేస్తే తేలిగ్గా పోతుంది.

ఇంజను ఇంటికి తెచ్చేటప్పుడు మంచినీళ్లతో ఉప్పు కడిగించి, ఆయిలు ఖాళీ చేయించి, పాత నూలు చీర చుట్టండి. ప్లాస్టిక్ చుట్టొద్దు.

జూలై ముగిసేలోగా ఒక సాయంత్రం మీ ఆయన్ని ఒడ్డున పక్కన నిలబెట్టి, ఆయన చేయి వేయకుండా మీరొక్కరే బరకాలు కట్టి చూపించండి. కట్టాక వెంటనే విప్పండి. ఎక్కడ తాడు చిక్కుకుందో, ఏ ముడి మీ వేళ్లకు లొంగలేదో ఆయన చూస్తుండగానే తేలిపోతుంది, అప్పుడే మార్పించుకోండి. విప్పడానికి పావుగంట దాటితే నాకు మళ్లీ రాయండి, ఎక్కడ ఆలస్యమైందో చూద్దాం.